వాల్‌పేపర్ పీకితే గోడ ఊడొచ్చింది... ఇప్పుడెలా?

సందేహాలు – సమాధానాలు

ఈమధ్య వస్తున్న ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. కొన్నేళ్ల కిందట ముచ్చటపడి అంటించిన వాల్‌పేపర్లు, స్టిక్కర్లు పాతబడ్డాయి. పీకితే కాగితంతో పాటు గోడ పెచ్చులు కూడా వస్తున్నాయి. డోర్నకల్ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవాటికి ఈసారి జవాబులిస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్తాను: కాగితం పీకినప్పుడు గోడకు తగిలే దెబ్బల్లో చాలావరకు పైపైవే. నిజంగా జాగ్రత్త పడాల్సినవి కొన్నే ఉన్నాయి, వాటిని ఆయా జవాబుల్లో చెప్పాను.

• హాల్లో ఒక గోడకు ఆన్‌లైన్‌లో తెప్పించిన స్టిక్కర్ అంటించాం. మొన్న పీకుతుంటే అరచేతి వెడల్పున లప్పం ఊడొచ్చి, లోపల బూడిదరంగు గిలాబు బయటపడింది. మావారు ఇంకా చూడలేదు. గోడ పాడైపోయినట్టేనా?
– ఒక గృహిణి, డోర్నకల్

లేదమ్మా, గోడ క్షేమంగానే ఉంది. ఊడింది లప్పం, అంటే దుకాణంలో వాల్ పుట్టీ అని అమ్మేది. గోడ నున్నగా కనపడటానికి గిలాబు మీద పూసే రెండు మూడు మిల్లీమీటర్ల పొర అది, ఇంటి బలానికీ దానికీ సంబంధం లేదు. అప్పట్లో గోడ దుమ్ము దులపకుండా లప్పం పెట్టి ఉంటే పట్టు తక్కువగా ఉంటుంది, స్టిక్కరు జిగురు దాన్ని లాక్కొచ్చేస్తుంది. బయటపడిన గిలాబును వేలి కణుపుతో తట్టి చూడండి. గట్టిగా మోగితే మళ్లీ లప్పం పెట్టిస్తే చాలు, డొల్లగా మోగితే మాత్రం ఆ మేరకు గిలాబు కొట్టించి సుతారి మేస్త్రీతో కొత్తగా చేయించండి. మీవారికి కూడా ఇదే చెప్పండి.

• సగం పీకి ఆపేశాను. పైన రంగుల పొర వచ్చేసింది గానీ కింద తెల్ల కాగితం గోడకే ఉండిపోయింది. గీకితే గాట్లు పడుతున్నాయి. దాని మీదే రంగు వేసేయొచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థి, గార్ల

మీరు ఆపడమే మంచిదైంది. ఆ తెల్ల కాగితం వినైల్ వాల్‌పేపర్‌కు అడుగు పొర, అది గోడకు ఉండిపోవడం మామూలే. దాని మీద రంగు వేస్తే రంగులోని నీళ్లు పీల్చుకుని పొక్కులు లేస్తాయి. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త కలిపి, స్పాంజితో కాగితాన్ని తడిపి పావుగంట ఆగండి. అప్పుడు పుట్టీ బ్లేడును గోడకు దాదాపు పడుకోబెట్టి నెడితే తొక్కలా వచ్చేస్తుంది.

పూర్తిగా ప్లాస్టిక్ స్టిక్కరైతే నీళ్లతో పని జరగదు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ, ఊడిన అంచును గోడకు ఆనించినట్టే వెనక్కి మడిచి నెమ్మదిగా కిందికి లాగండి. మీ వైపుకు ఎదురుగా లాగితే లప్పం వచ్చేస్తుంది.

• కాగితమంతా తీసేశాం. గోడ పొడిగా ఉన్నప్పుడు బాగానే ఉంది, తడి చెయ్యి పెడితే జారుతోంది. పెయింటరేమో ప్రైమర్ కొడితే అన్నీ సర్దుకుంటాయంటున్నాడు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, కురవి

ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినకండి. ఆ జారుడు మిగిలిపోయిన జిగురు. ప్రైమర్ తడికి అది మళ్లీ మెత్తబడి, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. అందుకే నెలా రెండు నెలల్లో పైరంగు మీద సన్నటి పగుళ్ల వల కనపడుతుంది. గోరువెచ్చటి నీళ్లతో, ప్రతిసారీ నీళ్లు మారుస్తూ, తడి వేలికి జారుడు తగలనంత వరకు కడగండి. మైదా జిగురు వాడారేమోనని అనుమానముంటే మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ చుక్క వేసి చూడండి, నీలం నలుపుకు తిరిగితే ఇంకా ఉన్నట్టే. మైదా జిగురు మిగిలితే వానాకాలంలో బూజుకు అదే మేత అవుతుంది కాబట్టి ఈ కడుగుడు దండగ పని కాదు.

• అద్దె ఇల్లు. పిల్ల కోసం కార్టూన్ బొమ్మల స్టిక్కర్లు వేశాం. తీస్తే ఓనరు వేయించిన రంగు కూడా పెళ్లలుగా వచ్చింది. అడ్వాన్సు ఇవ్వరేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక ప్రైవేటు ఉద్యోగి, మహబూబాబాద్

మీ గోడ మీద ఉన్నది డిస్టెంపరై ఉంటుంది, అద్దె ఇళ్లలో ఎక్కువగా అదే వేయిస్తారు. నల్ల గుడ్డతో రుద్ది చూడండి, తెల్లటి పొడి అంటితే అదే. ఆ రంగుకు పట్టు తక్కువ, ఏ స్టిక్కరు తీసినా ఊడుతుంది. ఇందులో మీ తప్పేమీ లేదు. పెచ్చులు గీకి, పొడి పోయేలా తడిగుడ్డతో తుడిచి, ఆరాక ప్రైమర్, సన్నటి లప్పం, ఆపైన అదే రంగు డిస్టెంపర్ వేయిస్తే సరిపోతుంది. మచ్చ వరకే వేస్తే తేడా కనపడుతుంది కాబట్టి ఆ గోడంతా ఒక మూల నుంచి ఇంకో మూల దాకా వేయించండి. పని మొదలుపెట్టే ముందు ఓనరుకు ఒక మాట చెప్పండి, చెప్పి బాగుచేయిస్తున్న వాళ్లతో ఎవరికీ పేచీ ఉండదు.

• ఒక పెయింటరు లప్పం ముందు, ప్రైమర్ తర్వాత అంటాడు. ఇంకొకరు ప్రైమర్ ముందు అంటాడు. ఎవరిది తప్పు?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తొర్రూరు

ఇద్దరూ నిజమే చెప్పారు మాస్టారూ, వాళ్లు వాడే లప్పాలు వేరు. తెల్ల సిమెంటు లప్పం నేరుగా గిలాబు మీద, గోడను కొద్దిగా తడిపి పెడతారు, దాని తర్వాతే ప్రైమర్. డబ్బాలో ముద్దగా వచ్చే యాక్రిలిక్ లప్పానికైతే ముందు ప్రైమర్ పడాలి, తర్వాత లప్పం, మళ్లీ ఒక ప్రైమర్. స్టిక్కరు తీసిన గోడ మీద పాత రంగు ఇంకా గట్టిగా పట్టుకుని ఉంటే యాక్రిలిక్ నయం, గిలాబు దాకా ఊడితే సిమెంటు లప్పమే గట్టిది.

ఏ లప్పమైనా పూతకు మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర దాటనివ్వకండి, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆగండి. లోతు గుంతల్ని లప్పంతో నింపితే ఆరేటప్పుడు నెర్రెలు పడుతుంది. జల్లించిన ఇసుక నాలుగు పాళ్లు, సిమెంటు ఒక పాలు కలిపి గుంత పూడ్చి, వారం పాటు నీళ్లు పట్టి, అది బాగా ఆరాక లప్పానికి రండి. సిమెంటు లప్పం పొడి కలిపిన రెండు మూడు గంటల్లో వాడేయాలి. గట్టిపడ్డదాన్ని మళ్లీ నీళ్లు పోసి కలుపుతుంటే వద్దని చెప్పండి, ఆ లప్పానికి పట్టు ఉండదు.

• బెడ్‌రూం గోడకు అవతల బాత్రూం. వాల్‌పేపర్ తీస్తే కింద రెండడుగుల ఎత్తు వరకు గోడ చెమ్మగా ఉంది, తెల్లగా పొడి రాలుతోంది. దుకాణంలో వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే పోతుందన్నారు. ఇల్లు కట్టి ఆరేళ్లే అయింది, అప్పు కూడా తీరలేదు. గోడ కూలిపోతుందా?
– ఒక పాఠకురాలు, డోర్నకల్

కూలిపోదమ్మా. చెమ్మ పట్టిన గోడలు ఏళ్ల తరబడి నిలబడే ఉంటాయి, ముందు ఆ భయం వదిలేయండి. ఆ తెల్ల పొడి ఉప్పు. ఇటుకలో, సిమెంటులో, నేలలో ఉన్న లవణాలను నీళ్లు మోసుకొచ్చి, గోడ మీద నీళ్లు ఆరిపోయాక ఉప్పును వదిలి వెళ్తాయి. ఇంజనీర్లు దీన్ని ఎఫ్లోరెసెన్స్ అంటారు. నిజానికి ఇన్నాళ్లూ మీ వాల్‌పేపర్ ఆ చెమ్మను బయటికి పోనివ్వకుండా మూసిపెట్టి ఉంచింది, అది తీయడం గోడకు మేలే చేసింది.

ఇప్పుడు తేల్చాల్సింది నీళ్లు ఎక్కడివన్నదే. గోడ పొడుగునా ఒకే ఎత్తులో చెమ్మ గీత ఉంటే నేలలోంచి ఎక్కుతున్నట్టు, లాంతరు వత్తి నూనె పీల్చినట్టు ఇటుక తడిని పైకి లాగుతుంది. పునాది మీద చెమ్మ ఆపే పొర వేయకపోయినా, బయట మట్టి ఆ పొర పైదాకా పోసినా ఇలా అవుతుంది. బాత్రూం ఉన్న మేరకే చెమ్మ ఉండి, ఎండాకాలంలో కూడా తగ్గకపోతే పైపు గానీ టైల్స్ సందు గానీ కారుతున్నట్టు. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటిమట్టం గుర్తు పెట్టుకోండి, తెల్లారేసరికి తగ్గితే పైపులో లీకుంది. గోడ మీద అడుగు చదరం ప్లాస్టిక్ కవరు పెట్టి నాలుగు వైపులా టేపు అంటించి రెండు రోజులు ఉంచితే ఇంకో సంగతి తెలుస్తుంది. కవరు లోపలి వైపు నీటి బిందువులుంటే తడి గోడలోంచి వస్తోంది, బయటి వైపుంటే గదిలో గాలి ఆడక పట్టిన తేమే.

కారణం బాగుచేసే దాకా రంగు జోలికి పోకండి. లోపల వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే నీళ్లు ఆగవు, ఆ పూత వెనకే ఇంకో అడుగు పైకి ఎక్కి ఒక వానాకాలంలోనే పొక్కులు లేపుతాయి. ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి చేటలోకి ఎత్తేయండి. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. గిలాబు చేత్తో రుద్దితేనే రాలుతుంటే, చెమ్మ గీతకు ఒక అడుగు పైదాకా కొట్టించి కొత్తది చేయించండి. తర్వాత ఫ్యాను పెట్టి, కిటికీలు తీసి ఆరనివ్వండి. ఆరేళ్ల ఇంటికి ఇది మరమ్మతే, పెద్ద ఖర్చు వస్తే పైపు మార్పించడానికే వస్తుంది.

• 2024 సెప్టెంబరు ఒకటిన ఆకేరు పొంగి మా ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. ఆ తర్వాత మరకలు కనపడకుండా గోడలకు ప్లాస్టిక్ షీట్లు అంటించుకున్నాం. ఇప్పుడు తీస్తే లోపల ఇంకా వాసన వస్తోంది.
– ఒక రైతు, మరిపెడ మండలం

ఆ వరదల్లో మీ ప్రాంతం పడ్డ కష్టం అందరం చూశాం, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. మీ గోడ గట్టిదే, నీళ్లకు నిలిచింది. అది ఆరకముందే షీట్లు మూసేయడం వల్ల తడి లోపలే చిక్కుకుంది, వాసన అందుకే. ఇటుక గోడ ఆరడానికి అంగుళం మందానికి నెల చొప్పున పడుతుందని ఒక మోటు లెక్క ఉంది. కాబట్టి షీట్లన్నీ తీసేసి, సబ్బు నీళ్లతో బురద మరకలు కడిగి, ఈ ఎండాకాలమంతా గోడల్ని ఖాళీగా వదలండి, ప్లాస్టిక్ కవరు పరీక్షలో పొడిగా తేలాకే లప్పం పెట్టించండి. వరద నీళ్లు తాకిన స్విచ్‌బోర్డులు, వైర్లు ఇప్పటికీ మార్చకపోతే మాత్రం రంగు కంటే ముందు ఆ పని చేయించండి.

• కాగితం వెనక గోడంతా నల్లటి బూజు. మా బాబుకు ఉబ్బసం. ఇన్నాళ్లూ వాడు దాని పక్కనే పడుకున్నాడని తలచుకుంటే ఏడుపొస్తోంది.
– ఒక తల్లి, జనగామ

మీరు కావాలని చేసింది కాదమ్మా, కాగితం వెనక ఏముందో ఎవరికీ కనపడదు. గోడ శుభ్రమయ్యే దాకా బాబును వేరే గదిలో పడుకోబెట్టండి, శుభ్రం చేసేటప్పుడు ఇంట్లో లేకుండా చూడండి. బూజును పొడిగా గీకకండి. మాస్కు, గ్లవుజులు వేసుకుని సబ్బు నీళ్లతో తడిపి తుడవండి, ఆ గుడ్డలు బయట పారేయండి. బ్లీచింగ్ వాడితే దాన్ని బాత్రూం యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, ప్రాణం మీదికి తెచ్చే వాయువు వస్తుంది. బాబుకు పిల్లికూతలు ఎక్కువైనా, ఇన్‌హేలర్ మామూలు కంటే ఎక్కువసార్లు అవసరమవుతున్నా డాక్టరుకు చూపించి, గోడ సంగతి కూడా చెప్పండి.

• తాతల నాటి పెంకుటిల్లు. ముందు గదిలో వాల్‌పేపర్ తీస్తే లోపల సున్నపు గచ్చు చేత్తో ముట్టుకుంటేనే రాలుతోంది. అంతా కొట్టేసి సిమెంటు చేయించమంటున్నారు.
– ఒక పాఠకుడు, డోర్నకల్

తొందరపడి కొట్టించకండి. మీ ఊళ్లో ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది 1939లో. ఆ కాలపు ఇళ్ల గోడలు మన పల్లెల్లో ఎక్కువగా మట్టి, సున్నం మీదే నిలబడ్డాయి, ఇప్పటికీ ఉన్నాయి. సున్నపు గోడ తడిని తాగి మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద గట్టి సిమెంటు గిలాబో, ఆయిల్ పెయింటో పడితే తడి లోపలే ఉండిపోయి గచ్చు పిండైపోతుంది, వాల్‌పేపర్ కూడా అదే చేసింది. వదులైన మేర దులిపి, తడిపి, మెత్తటి ఇసుక కలిపిన సున్నంతోనే అతుకు వేయించి, పైన సున్నమే కొట్టించండి. గోడ ఒక పక్కకు ఉబ్బినా, దూలం ఆనిన చోట మట్టి జారుతున్నా అది రంగు పని కాదు, అనుభవమున్న మేస్త్రీని వెంటనే పిలిపించండి. ఇలాంటి ఇల్లు చేతిలో ఉన్నవాళ్లు దాన్ని నిలుపుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

• 2024 డిసెంబరు 4 పొద్దున భూకంపం వచ్చినప్పుడు ఇల్లు ఊగింది. ఈమధ్య వాల్‌పేపర్ తీస్తే గోడకు బీట కనపడింది. అప్పటిదేనా? ఇంట్లో ఉండొచ్చా?
– ఒక పాఠకురాలు, భూపాలపల్లి

ములుగు దగ్గర పుట్టిన ఆ భూకంపం తీవ్రత 5.3, ఆ పొద్దున భయపడని ఇల్లు లేదు. మీ బీట అప్పటిదో, కట్టినప్పుడే గిలాబు ఆరుతూ పడిందో చూసి చెప్పలేం గానీ, ఇప్పుడు అది పెరుగుతోందా లేదా అన్నదే అసలు సంగతి. రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి, మూడు నెలలు గమనించండి. వెంట్రుకంత సన్నగా ఉండి అక్కడే ఆగితే దాన్ని కాస్త వెడల్పు చేసి, క్రాక్ ఫిల్లర్ నింపి, పైన జాలీ టేపు అంటించి లప్పం పెట్టిస్తే చాలు. రూపాయి బిళ్ల అంచు దూరేంత ఉన్నా, తలుపు మూల నుంచి ఏటవాలుగా పోయి గోడ అవతల కూడా కనపడుతున్నా, తలుపులు కొత్తగా బిగుసుకుంటున్నా పెయింటరును కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.

• ఇల్లు రైలు పట్టాల దగ్గరే. కొత్తగూడెం లైను గూడ్సు వెళ్తుంటే కిటికీలు గలగలమంటాయి. కొత్త లప్పం నిలుస్తుందా?
– ఒక పాఠకుడు, డోర్నకల్

నిలుస్తుంది. కిటికీ అద్దాలు అదిరేంత కుదుపుకు గట్టిగా పట్టిన లప్పం ఊడదు. పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిలువు పగులుంటే అది ఎక్కువగా ఎండకు కాంక్రీటు, ఇటుక వేర్వేరుగా సాగడం వల్ల వచ్చేదే, రైలు లేని ఊళ్లలో కూడా ఉంటుంది. ఆ అతుకు మీద జాలీ వేసి గిలాబు చేయించండి.

• అమ్మాయి ఏడో నెలతో కాన్పుకు వచ్చింది. కాగితం కింద పాత ఆకుపచ్చ ఆయిల్ పెయింటు ఉంటే పెయింటరు నిన్నంతా సాండ్ పేపర్‌తో రుద్దాడు. ఇల్లంతా దుమ్ము. పాత రంగుల్లో సీసం ఉంటుందని విన్నప్పటి నుంచి కాళ్లూ చేతులూ ఆడటం లేదు.
– ఒక తల్లి, స్టేషన్ ఘనపూర్

ఒక్క రోజు దుమ్ముకే బిడ్డకు ఏదో అయిపోయిందని అనుకోకండి. కానీ పని ఈ రోజే ఆపించండి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది, అంతకు ముందరి ఆయిల్ పెయింట్లలో ఎక్కువ ఉండే అవకాశం ఉంది. అమ్మాయిని ఆ గదికి దూరంగా, వీలైతే కొన్నాళ్లు వేరే ఇంట్లో ఉంచండి. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడవండి, ఆ గదిలో ఆరేసిన బట్టలు, దుప్పట్లు విడిగా ఉతకండి. మిగిలిన రంగు గట్టిగా ఉంటే గీకనక్కర్లేదు, తడి చేసి లైటుగా గరుకు పట్టించి దాని మీదే ప్రైమర్ వేయొచ్చు. ఈసారి చెకప్‌లో డాక్టరుకు చెప్పండి, అవసరమనుకుంటే రక్తంలో సీసం పరీక్ష రాస్తారు. నేల మీద పాకే పసిపిల్లలున్న ఇళ్లన్నిటికీ ఇదే జాగ్రత్త.

• కాగితం వెనక మట్టి గీతలు, సన్నటి పురుగులు. రంగు వేస్తే చస్తాయా?
– ఒక పాఠకుడు, కేసముద్రం

చావవు. అవి చెదలు. కాగితం, మైదా జిగురు వాటికి తిండి, ఆ తిండి మీరు తీసేశారు కాబట్టి సగం పని అయింది. మట్టి గీత ఎక్కడి నుంచి మొదలైందో చూడండి, తలుపు చౌకట్టును స్క్రూడ్రైవరుతో పొడిస్తే మెత్తగా దిగితే అక్కడిదాకా వెళ్లినట్టే. చెదల మందు కొట్టేవాళ్లతో నేల అంచు వెంట మందు పెట్టించాక లప్పం పని చేసుకోండి.

• పది రోజుల్లో ఇంట్లో పెళ్లి. వాల్‌పేపర్ తీసి గోడలు గాయాల పాలు చేసుకుని కూర్చున్నాం. పందిరి వేసే నాటికి అవుతుందా?
– ఒక పాఠకురాలు, మహబూబాబాద్

పొడి గోడైతే అవుతుంది. కడగడం ఒక రోజు, ఆరడం రెండు రోజులు, లప్పం రెండు పూతలకు రెండు రోజులు, ఆరోనాడు సాండ్ పేపర్ పట్టి ప్రైమర్, ఆ తర్వాత రంగు రెండు పూతలు. ఇంకా ఒకటి రెండు రోజులు చేతిలో ఉంటాయి. ఆరడానికి ఇచ్చిన రోజుల్ని మాత్రం ఎవరెంత తొందర పెట్టినా కోసేయకండి. చెమ్మ ఉన్న గోడ ఏదైనా ఉంటే దానికి ఇప్పుడు సున్నం కొట్టి వదిలేసి, పెళ్లయ్యాక తీరిగ్గా చూసుకోండి.

• రంగు వేశాక లైటు వెలుగులో గోడంతా ఎత్తుపల్లాలు కనపడుతున్నాయి. డబ్బంతా పోయిందా?
– ఒక పాఠకుడు, గూడూరు

పోలేదు, దానికి మళ్లీ పెద్ద పని కూడా లేదు. చీకటి పడ్డాక టార్చిలైటును గోడకు పక్కగా ఆనించి వెలుగు గోడ వెంట పోయేలా పట్టుకోండి, ఎత్తుపల్లాలకు నీడలు పడతాయి. ఆ చోట్లు పెన్సిలుతో గుర్తు పెట్టించి అక్కడ మాత్రం సన్నటి లప్పం, తర్వాత 220 నంబరు సాండ్ పేపర్, ప్రైమర్, రంగు. తక్కినవాళ్లు ఈ టార్చి పరీక్ష రంగు డబ్బా తెరవక ముందే చేసుకోండి. మెరిసే రంగు కంటే మ్యాట్ రంగులో ఇవి తక్కువగా కనపడతాయి.

• కాగితం నానబెట్టడానికి గోడ తడిపాను. స్విచ్‌బోర్డు దగ్గర చెయ్యి పెడితే జుమ్మంటోంది. పైపైన తుడిచేశాను. ఫర్వాలేదా?
– ఒక పాఠకురాలు, డోర్నకల్

ఈ ఒక్క ఉత్తరానికి ఫర్వాలేదని చెప్పలేను. గోడలోకి కరెంటు వస్తోంది. ఇది చదవగానే మెయిన్ ఆపించండి. తడి చేతులతో కాదు, పొడి చేతులతో, కాళ్లకు చెప్పులు వేసుకుని ఆపాలి. ఎలక్ట్రీషియన్ వచ్చి వైరు, ఎర్తింగ్ చూసేదాకా ఆ గోడను ఎవరూ, ముఖ్యంగా పిల్లలు ముట్టుకోకుండా చూడండి. గోడ తడిపే ప్రతి ఇంట్లోనూ ముందు మెయిన్ ఆపాలి. ఆ తర్వాతే బకెట్టు, స్పాంజి చేతిలోకి తీసుకోవాలి.

పాఠకులకు ఒక మనవి: ఉత్తరం రాసేటప్పుడు గోడ ఇటుకదో మట్టిదో, అవతల బాత్రూం గానీ ఆరుబయలు గానీ ఏముందో, చెమ్మ ఎంత ఎత్తు వరకు ఉందో, ఏ నెలలో ఎక్కువవుతుందో రాయండి. ఈ నాలుగూ తెలిస్తే జవాబు సరిగ్గా మీ గోడకే చెప్పగలుగుతాను.